ఎయిర్ ఫ్రయర్‌లో ఉల్లిపువ్వు: నూనె తగ్గించాలంటే ముందు తడి సంగతి చూడాలి

ఎయిర్ ఫ్రయర్ బుట్ట బయటికి లాగి లోపలికి తొంగి చూస్తే పెద్ద రహస్యమేమీ కనిపించదు. పైన చుట్టలు తిరిగిన వేడి తీగ ఒకటి, దాని వెనుక ఒక పంకా, కింద గాలి పోవడానికి దారి, అంతే. 2010లో బెర్లిన్‌లో జరిగిన ఐఎఫ్‌ఏ ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనలో ఫిలిప్స్ సంస్థ తన యంత్రాన్ని బయటపెట్టిన నాటి నుంచి ఎన్ని కంపెనీలు ఎన్ని ఆకారాల్లో తెచ్చినా మూలసూత్రం మారలేదు: ఇది గాలి జోరుగా తిరిగే చిన్న ఓవెన్. ఈ మాట ఒప్పుకుని వంట మొదలుపెట్టినవారికి, పువ్వులా కోసి పూత పట్టించిన ఉల్లిపాయ కరకరలాడుతూ వస్తుంది. నూనె మూకుడులో చేసే పద్ధతినే యథాతథంగా ఇందులో చేయబోయినవారికి పైన మాడి, లోపల మెత్తగా సాగిపోయి, పూత అంతా బుట్టకు అంటుకుని వస్తుంది.

కారణం తెలుసుకుంటే మిగిలిన పద్ధతి అంతా దానంతట అదే అర్థమవుతుంది. 175 నుంచి 190 డిగ్రీల సెల్సియస్ వేడి మీద ఉన్న నూనె, అందులో పడిన పదార్థాన్ని అన్ని వైపులా ఒకేసారి అంటుకుని వేడినందిస్తుంది. పలుచని పిండి జారుడు నూనెలో పడిన క్షణమే గట్టిపడి, దానిలోని నీరు బుడగలుగా బయటికి తన్నుకొస్తుంది. గాలి కూడా అదే ఉష్ణోగ్రతలో ఉండవచ్చు గాని, వేడిని అందించడంలో నూనె వేగం దానికి లేదు. కనుక జారుగా కలిపిన పిండి గట్టిపడేలోగానే కిందికి కారిపోతుంది, పైగా పంకా గాలి దాన్ని పక్కకు తోస్తుంది. గాలికి చేతనైన పని మరొకటి ఉంది: ఆరబెట్టడం. తడి తక్కువగా ఉన్న పదార్థాన్ని ఇస్తే అది నూనెతో పోటీపడేంత చక్కగా ఎండబెట్టి కరకరలాడేలా చేస్తుంది, తడిగా ఉన్నదాన్ని ఇస్తే మాత్రం ఉడకబెట్టి చేతిలో పెడుతుంది.

ఉల్లిపాయ విషయంలో చిక్కంతా ఇక్కడే ఉంది, ఎందుకంటే దాని బరువులో దాదాపు 89 శాతం నీరే. ఆ నీటిని పూర్తిగా తీసేయలేము, తీసేయకూడదు కూడా. లోపలి తీయని మెత్తదనం ఆ నీటి చలవే. మనం చేయవలసిందల్లా ఉల్లిపాయ ఉపరితలాన్ని పొడిగా ఉంచడం, లోపలి నుంచి వచ్చే ఆవిరి పూతను తడపకుండా బయటికి పోయే దారి చూపడం. నేను వాడే పద్ధతిలోని ప్రతి మెట్టూ ఈ రెండు పనుల కోసమే.

ఉల్లిపాయతో చేసే ఇలాంటి వంటకాల్లో చక్రాలు అందరికీ తెలిసినవే. నాకు ఇష్టమైనది మాత్రం 1980లలో అమెరికా రెస్టారెంట్లలో పేరు తెచ్చుకున్న ఉల్లిపువ్వు: ఒక్క పెద్ద ఉల్లిపాయను వేరు భాగం విడిపోకుండా పూరేకల్లా కోసి, పూత పట్టించి, నిలువునా నూనెలో ముంచి వేయించేది. బల్ల మధ్య పెడితే నలుగురూ చుట్టూ చేరి ఒక్కొక్క రేక తుంచుకుని తినవచ్చు. నూనెలో చేసినప్పుడు ఆ రేకల సందుల్లో చేరే నూనె అంతా ఇంతా కాదు. వేయించే పదార్థం నూనెను ఎక్కువగా పీల్చుకునేది మూకుడులో ఉన్నప్పుడు కాదు, బయటికి తీసిన తర్వాత. లోపలి ఆవిరి చల్లబడి కుంచించుకున్నప్పుడు ఏర్పడే ఖాళీల్లోకి పైన అంటుకున్న నూనె చొరబడుతుంది. ఇన్ని రేకలు, ఇన్ని అంచులు ఉన్న పువ్వుకు అంటుకునే నూనె సహజంగానే ఎక్కువ. అందువల్ల తేలిక చేయదలచుకున్నవారికి ఇంతకన్నా మంచి అభ్యర్థి దొరకదని నా అభిప్రాయం.

ఉల్లిపాయను ఎంచుకోవడంలో కాస్త పట్టింపు అవసరం. సుమారు 300 గ్రాముల బరువున్న, గుండ్రని, గట్టి ఉల్లిపాయ కావాలి. మెడ భాగం బాగా ఎండి, నొక్కితే లోపలికి పోకుండా ఉండాలి. మెడ మెత్తగా ఉంటే లోపలి పొరలు పాడవడం మొదలైనట్టే. పక్కల నుంచి చూస్తే రెండు బుడిపెలుగా ఉబ్బినట్టు కనిపించే పాయను పక్కన పెట్టండి, దాని లోపల రెండు గుండెలుంటాయి. అలాంటిదాన్ని ఎంత నేర్పుగా కోసినా మధ్యలో సగం రేకలు వేరును పట్టుకోకుండా ఊడిపోతాయి. చాలా తియ్యగా ఉంటాయని అమ్మే రకాల్లో నీటి శాతం మరింత ఎక్కువ కాబట్టి, నిల్వకు పనికొచ్చే ఘాటైన రకాలే ఈ యంత్రానికి నప్పుతాయి. ఘాటు గురించి భయం అక్కర్లేదు, వేడి తగిలితే అది పోయి తీపి పైకి తేలుతుంది.

కోసే ముందు ఉల్లిపాయను అరగంట ఫ్రిజ్‌లో ఉంచితే కళ్ల బాధ కొంత తగ్గుతుంది. కోసినప్పుడు కణాలు చిట్లి, అంతవరకు విడివిడిగా ఉన్న ఎంజైములూ గంధక పదార్థాలూ కలిసిపోయి కన్నీరు తెప్పించే వాయువు పుడుతుంది. చల్లదనం ఆ చర్యను నెమ్మదింపజేస్తుంది. ఆ వాయువును తయారు చేసేందుకు ప్రత్యేకంగా మరో ఎంజైమే ఉన్నదని 2002లో జపాన్ పరిశోధకులు చూపారు, దానికి 2013లో వారికి ఇగ్ నోబెల్ బహుమతి కూడా దక్కింది. నవ్వించి ఆ తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే బహుమతికి ఉల్లిపాయ కన్నా తగిన అంశం ఏముంటుంది! అసలు ఉపాయం మాత్రం చాకు పదునే. పదునైన చాకు కణాలను తక్కువగా చిదుపుతుంది, కనుక వాయువూ తక్కువే, కారే రసమూ తక్కువే. రెండోది మనకు మరీ ముఖ్యం.

ఇక కోత. మెడ వైపు ఒక సెంటీమీటరు మేర కోసి తీసేయండి. వేరు వైపు వేలాడే పీచును మాత్రమే గీరి, గట్టి ముద్దను అలాగే ఉంచండి, పువ్వంతా నిలబడేది దాని మీదే. పై పొట్టు తీసిన తర్వాత మొదటి పొరను కూడా తీసేయడం మంచిది, అది తోలులా గట్టిగా ఉండి నమిలినా తెగదు. కోసిన వైపు కిందికి, వేరు పైకి వచ్చేలా పలక మీద బోర్లించండి. వేరు ముద్ద అంచు నుంచి ఒక సెంటీమీటరు దూరం వదిలి, అక్కడ చాకు మొన గుచ్చి, పలక తగిలేదాకా నిట్టనిలువుగా దించండి. ఇలా నాలుగు దిక్కులా నాలుగు కోతలు, వాటి మధ్యన ఒక్కొక్కటి చొప్పున మరో నాలుగు, మళ్లీ వాటి మధ్యన ఒక్కొక్కటి చొప్పున మరో ఎనిమిది పెడితే మొత్తం పదహారు అవుతాయి. చాలామంది పదహారు పెట్టమంటారు గాని, ఎయిర్ ఫ్రయర్‌కు పన్నెండు మించకపోవడమే మేలనిపిస్తుంది. రేకలు మరీ సన్నమైతే పంకా గాలికి వంగి ఒకదానికొకటి అతుక్కుంటాయి, కొసలు మాడిపోతాయి. నాలుగు కోతల మధ్య ప్రతి భాగంలోనూ రెండేసి కోతలు పెడితే సరిగ్గా పన్నెండు వస్తాయి.

ఇప్పుడు తిప్పి నిలబెట్టి, బయటి రేకల నుంచి మొదలుపెట్టి వేళ్లతో మెల్లగా విప్పాలి. ఇక్కడ ఒక్క క్షణం ఆగి రేకల లోపలి వైపు చూడండి. ప్రతి పొర లోపలి ముఖానా తడిగా మెరిసే, ఉల్లిపొర కాగితం కన్నా పలుచని పారదర్శకమైన పొర ఒకటి అంటుకుని ఉంటుంది. గోటితో కొస పట్టుకుని లాగితే కొన్నిచోట్ల చక్కగా ఊడి వస్తుంది, కొన్నిచోట్ల చినిగిపోతుంది. జారుడుగా ఉండే ఆ పొర మీద పిండి నిలవదు. ఉల్లి చక్రం కొరికినప్పుడు ఉల్లి అంతా జర్రున బయటికి వచ్చి ఖాళీ పూత చేతిలో మిగలడానికి దోషి ఇదే. పువ్వులో ఉన్న ప్రతి రేకకూ దీన్ని తీయడం సాధ్యం కాదు, తీయనక్కర్లేదు కూడా. బయటి రెండు మూడు వరుసల పెద్ద రేకలకు తీసినా తేడా నోటికి తెలుస్తుంది.

విప్పిన పువ్వును ఐసు ముక్కలు వేసిన నీటిలో తలకిందులుగా పావుగంట ముంచి ఉంచండి. చల్లని నీటిలో రేకలు బిగుసుకుని వెలుపలికి వంగుతాయి, కోత దగ్గర చేరిన ఘాటు రసం కడుక్కుపోతుంది. తడి వద్దని ఇంతసేపు చెప్పి నీటిలో ముంచమనడం విరుద్ధంగా కనిపించవచ్చు. అయితే ఇక్కడ అంటేది పైపై తడి మాత్రమే, దాన్ని తుడవవచ్చు. కోసిన చోట్ల నుంచి ఊరుతూ ఉండే రసమే అసలు ఇబ్బంది, దాన్ని ఈ స్నానం తగ్గిస్తుంది. తీసిన తర్వాత జాలీ మీద బోర్లించి కనీసం ఇరవై నిమిషాలు వదిలేయాలి. ఆ పైన పొడి కాగితపు రుమాలును వేలికి చుట్టి ప్రతి రేక మొదట్లోకీ దూర్చి అద్దాలి. నీరు దాక్కునేది రేకల కొసల్లో కాదు, అవి వేరును కలిసే గుంటలో. పైనుంచి చూస్తే పొడిగా ఉన్న పువ్వును అరచేతిలోకి బోర్లించి ఒక్కసారి విదిలించండి, ఆ గుంటలో నుంచి ఇంకా చుక్కలు రాలుతాయి. ఈ పనికి తొందర పనికిరాదు. వంట మొత్తంలో ఎక్కువ ఓపిక ఖర్చు కావలసింది ఇక్కడే.

ఉప్పు గురించి ఒక మాట. ఉల్లిపాయ మీద నేరుగా ఉప్పు చల్లవద్దు. ఉప్పు తగిలిన వెంటనే ఉల్లి నీరు వదలడం మొదలుపెడుతుంది, అంతవరకు చేసిన తుడుపంతా వృథా. పిండిలో చిటికెడు, బ్రెడ్ పొడిలో చిటికెడు కలిపి, మిగిలిన కొరతను వడ్డించేటప్పుడు పైన చల్లి తీర్చుకోవచ్చు.

పూతకు మూడు గిన్నెలు కావాలి. మొదటి గిన్నెలో మూడు టేబుల్ స్పూన్ల మైదా, రెండు టేబుల్ స్పూన్ల కార్న్‌ఫ్లోర్, అర చెంచా కారం, అర చెంచా వెల్లుల్లి పొడి, కొద్దిగా మిరియాల పొడి, చిటికెడు ఉప్పు. మైదా ఒక్కటే వేస్తే అందులోని గ్లూటెన్ అనే సాగే ప్రొటీన్ వల్ల పూత సాగుతుంది. కార్న్‌ఫ్లోర్‌లో గ్లూటెన్ ఉండదు గనుక పూత పెళుసుగా విరుగుతుంది. రెండో గిన్నెలో రెండు గుడ్ల తెల్లసొన, నురగ వచ్చేదాకా కాదు, జిగట విడిపోయి పలుచనయ్యేదాకా గిలకొట్టినది. గుడ్డు తిననివారు రెండు టేబుల్ స్పూన్ల కార్న్‌ఫ్లోర్‌ను చిక్కని మజ్జిగలో జారుగా కలిపి వాడవచ్చు. పూత కొంచెం మందంగా వస్తుంది తప్ప రుచికి లోటుండదు.

మూడో గిన్నె మీదే అసలు ఫలితం ఆధారపడి ఉంది. అరవై గ్రాముల గరుకైన బ్రెడ్ పొడిలో, వీలైతే పాంకో అనే జపాన్ రకం, ఒక టేబుల్ స్పూను నూనె పోసి, ప్రతి రేణువుకూ అంటేలా వేళ్లతో పులిమి, మందపాటి పెనం మీద సన్నని సెగపై కలుపుతూ వేయించండి. లేత గడ్డిరంగు రాగానే దించేయాలి. మిగిలిన రంగు యంత్రంలో వస్తుంది. దీనివల్ల లాభం ఏమిటంటే, పచ్చి పొడి పట్టించి పైన నూనె చిలకరిస్తే ఆ నూనె బయటి రేకలకే అంటుతుంది, లోపలి వరుసలు తెల్లగా, పిండి వాసనతో మిగిలిపోతాయి. ముందే నూనె పట్టి సగం వేగిన పొడి అయితే గాలి సరిగా చొరబడని సందుల్లో కూడా కరకర ముందే చేరిపోయి ఉంటుంది. ఇలా చేస్తే పైన చిలకరించే అవసరం దాదాపు ఉండదు. చిలకరించాలనుకున్నా, పీడనంతో వచ్చే స్ప్రే డబ్బాలు వాడకండి. వాటిలో కలిపే లెసిథిన్ వంటివి బుట్ట మీది నాన్‌స్టిక్ పూతకు జిగురులా పట్టి, కడిగినా వదలవు. చేత్తో నొక్కే మామూలు సీసాలో నూనె పోసుకుంటే చాలు.

పువ్వును ముందుగా పొడి పిండిలో బోర్లించి తిప్పి, జల్లెడతో పై నుంచి కూడా రేకల మధ్య చల్లి, వేరు దగ్గర పట్టుకుని తలకిందులుగా గట్టిగా దులపాలి. మిగిలేది పలుచని బూడిదలాంటి పొర మాత్రమే. దాని మీద సొనను చెంచాతోనో కుంచెతోనో రేకల రెండు వైపులా పట్టించి, మళ్లీ తలకిందులుగా పట్టుకుని చుక్కలు ఆగేదాకా ఉండాలి. ఆపైన బ్రెడ్ పొడి చల్లి, వేళ్లతో మెల్లగా అద్ది, అంటనిదాన్ని విదిలించేయాలి. అంటీ అంటని పొడి ఎగిరి వేడి తీగ మీద పడితే వంటగది అంతా మాడు వాసన వస్తుంది. పూత పట్టించిన పువ్వును మూత పెట్టకుండా ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచితే సొనలోని తడిని పిండి పీల్చుకుని పూత గట్టిపడుతుంది. ఈ విరామం దాటవేస్తే, ఎంత శ్రద్ధగా పట్టించిన పూత అయినా బుట్టలో పెట్టేటప్పుడే రాలిపోతుంది.

యంత్రాన్ని ఖాళీగా మూడు నాలుగు నిమిషాలు వేడి చేసి, పువ్వును బుట్ట మధ్యలో, నాలుగు వైపులా గోడలకు తగలకుండా పెట్టాలి. 170 డిగ్రీల దగ్గర పన్నెండు నిమిషాలు, తర్వాత 190 డిగ్రీల దగ్గర నాలుగైదు నిమిషాలు: ఇది నాకు కుదిరిన లెక్క. మొదటి విడతలో ఉల్లి మెత్తబడుతుంది, రెండో విడతలో పూత ఆరి రంగు తేలుతుంది. యంత్రాలన్నీ ఒకే తీరుగా ఉండవు గనుక నిమిషాల కన్నా గుర్తులను నమ్మండి. చాకు మొన వేరు పక్కన రేక మొదట్లో గుచ్చితే అడ్డులేకుండా దిగాలి, కొసలను గోటితో తడితే పొడి చప్పుడు రావాలి. కొసలు ముందే రంగు మారితే అల్యూమినియం రేకు కప్పాలని అనిపిస్తుంది. కానీ పంకా గాలికి ఆ తేలికైన రేకు ఎగిరి వేడి తీగకు తగిలే ప్రమాదం ఉంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు తగ్గించడమే క్షేమం. బుట్ట అడుగున కాగితం పరచడం కూడా నాకు నచ్చని పని. కింది నుంచి గాలి ఆడక అడుగు రేకలు ఆవిరిలో ఉడుకుతాయి.

రంగు విషయంలో బంగారు పసుపు దగ్గరే ఆగడం మంచిది. పిండి పదార్థాలను 120 డిగ్రీలు దాటి వేడి చేసినప్పుడు ఆరోగ్యానికి మంచిది కాదని భావించే అక్రిలమైడ్ అనే పదార్థం పుడుతుందని 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు వెల్లడించారు. రంగు ముదిరేకొద్దీ అది పెరుగుతుంది. నూనె లేదు కదా అని ముదురు గోధుమ రంగు దాకా కాల్చేవారు ఆరోగ్యం కోసం మొదలుపెట్టిన పనిని తామే కొంత చెడగొట్టుకుంటున్నట్టు. పైగా ఆ రంగులో ఉల్లి తీపి పోయి చేదు తగులుతుంది.

తేలిక అన్న మాటను కూడా లెక్కతోనే చూద్దాం. 300 గ్రాముల ఉల్లిలో సుమారు 120 కేలరీలు. అంటుకున్న పిండి, బ్రెడ్ పొడి కలిపి 70 గ్రాములనుకుంటే దాదాపు 260. తెల్లసొన 35. ఒక టేబుల్ స్పూను నూనె, అంటే 14 గ్రాములు, గ్రాముకు 9 చొప్పున 126. మొత్తం 540 పైచిలుకు, నలుగురు పంచుకుంటే మనిషికి 135 దాకా. అంటే నూనె పొదుపు నిజమే గాని, మిగిలిన దానిలో పెద్ద వాటా పిండిదే. ఎయిర్ ఫ్రయర్‌లో చేశాం కాబట్టి ఎంత తిన్నా ఫర్వాలేదన్న ధీమా ఈ లెక్క ముందు నిలవదు. పక్కన పెట్టుకునే మయోనైజ్ సంగతి మరీ ఘోరం. ఒక్క టేబుల్ స్పూనులోనే 90కి పైగా కేలరీలు ఉంటాయి కాబట్టి, నాలుగు చెంచాలు ముంచుకుంటే యంత్రం మిగిల్చిన నూనె అంతా వెనక్కి వచ్చినట్టే. పలుచని గుడ్డలో వడకట్టిన గట్టి పెరుగులో కాస్త ఆవపొడి, నిమ్మరసం, దంచిన వెల్లుల్లి, చిటికెడు కారం కలిపితే ఆ పులుపు ఉల్లి తీపికి మయోనైజ్ కన్నా బాగా జత కుదురుతుంది.

మీ బుట్ట చిన్నదైతే, ముఖ్యంగా పువ్వు పెట్టగానే గోడలు తగిలేంత ఇరుకైనదైతే, పువ్వు మీద ఆశ వదులుకోవడమే తెలివైన పని. అదే ఉల్లిపాయను నిలువునా ఆరు ముక్కలుగా కోసి, వేరు ముద్ద కూడా తీసేసి, రేకలను విడివిడిగా చేయండి. అప్పుడు లోపలి పలుచని పొరను ప్రతిదానికీ తీయవచ్చు, తడి తుడవడం సులువు, పూత రెండు వైపులా సమంగా పడుతుంది. ఒకదాని మీద ఒకటి పడకుండా ఒకే వరుసలో పరచి, 190 డిగ్రీల దగ్గర ఏడెనిమిది నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పితే సరి. నిజం చెప్పాలంటే కరకర విషయంలో ఈ రేకలే పువ్వును ఓడిస్తాయి. బల్ల మీద అందం మాత్రం పువ్వుదే.

యంత్రం నుంచి తీసినదాన్ని నేరుగా పళ్లెంలో పెట్టకుండా జాలీ మీద రెండు నిమిషాలు ఉంచితే అడుగున ఆవిరి చేరదు. అయినా ఈ వంటకం ఎదురుచూడదు. పావుగంట దాటితే లోపలి తేమ పూతలోకి పాకుతుంది. మిగిలిపోతే మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, మర్నాడు 170 డిగ్రీల దగ్గర నాలుగు నిమిషాలు తిరిగి వేడి చేస్తే ముక్కాలు వంతు కరకర తిరిగొస్తుంది. మైక్రోవేవ్‌లో పెడితే మాత్రం ఉల్లిలోని నీరంతా పూతలోకి దిగి, ఇక ఏ యంత్రమూ దాన్ని బాగుచేయలేదు.